అర్జునరావు గారి ఒకే ఒక్క ‘అన్’

పంక్చర్ల షాపు మీద ఒక గది, ఆ గది కిటికీ కింద పసుపు రంగు రేకు, దాని మీద ఎర్ర అక్షరాలు: ‘ఎ. అర్జునరావు, ఆపోజిట్స్ స్పెషలిస్ట్. ముప్పై రోజుల్లో.’ గుండెకో డాక్టరు, ఎముకలకో డాక్టరు ఉన్నట్టు, ఇంగ్లీషులో వ్యతిరేక పదాలకు గాజువాక మొత్తానికి ఈయనొక్కడే. మిగతా ఇంగ్లీషు కావలసినవాళ్ళు వేరే చోటు చూసుకోవాలి. ఆ రేకు కోసింది మాత్రం నేను కాదు. ఆటోనగర్‌లో రేకులు కోసే షెడ్డు నాది, ఆయన గది నుంచి నడిచొస్తే పది నిమిషాలు. అయినా ఆయన పాత గాజువాక దాకా వెళ్ళి ఇంకెవరి చేతో కోయించుకున్నాడు. అంచులు చూస్తేనే తెలుస్తుంది.

నా పేరు గురువులు. ఆయనకూ నాకూ పద్దెనిమిదేళ్ళు మాటల్లేవు. కారణం రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దదైన ఒక రేకు ముక్క.

అప్పట్లో ఇద్దరం ఒకే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళం. పడవల ఇంజన్లకు పైపులు బిగించి పంపే చోటు. నేను ఫిట్టర్ని, ఆయన టూల్‌రూమ్‌కి పెద్ద దిక్కు. టూల్‌రూమ్ అంటే ఇనుప జాలీ వెనక ఒక గది, గోడ నిండా మేకులు, మేకు మేకుకీ ఒక పనిముట్టు. ప్రతి పనివాడికీ నంబరు కొట్టిన టోకెన్ ఒకటి ఉంటుంది. టోకెన్ ఇస్తే ఆయన పనిముట్టు ఇచ్చి, ఖాళీ అయిన మేకుకి ఆ టోకెన్ తగిలిస్తాడు. సాయంత్రానికి పనిముట్టు తిరిగిస్తే టోకెన్ మన చేతికొస్తుంది. మనిషికి ఒకటే టోకెన్ గనక మనిషి చేతిలో ఒకటే పనిముట్టు. బోల్టు బిగించాలంటే ఒక స్పానరుతో దాని తల పట్టుకుని, రెండో స్పానరుతో నట్టు తిప్పాలని అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. రెండోది అడిగితే, మొదటిది తిరిగిచ్చి తీసుకోమనేవాడు.

ముప్పయ్యేళ్ళలో ఆ టూల్‌రూమ్‌లోంచి ఒక్క స్పానరు కూడా పోలేదు. బోల్టులు బిగిశాయా లేదా అన్నది ఆయన డిపార్టుమెంటు కాదు. ఇంట్లో కూడా ఆయన భార్య కాసులమ్మ గారు గోడ మీద మేకు నుంచి అట్లకాడ తీస్తే దాని స్థానంలో తన గాజు తగిలించాలని వీధిలో చెప్పుకునేవారు. నేను నమ్మలేదు. తర్వాత తెలిసింది, గాజు కాదు, బీరువా తాళంచెవి.

చూసి చూసి ఒకరోజు నేనే ఒక రేకు ముక్క గుండ్రంగా కోశాను. ఆకురాయితో అంచులు నున్నగా అరగదీశాను, కన్నం పెట్టాను, నా నంబరు 47 పంచ్ కొట్టాను. రెండు నెలలు రెండు స్పానర్లతో హాయిగా పనిచేశాను. పనిముట్టు ప్రతి సాయంత్రం తిరిగిచ్చేవాణ్ణి. ఆయన కొత్త కళ్ళద్దాలు పెట్టుకొచ్చిన రోజున రెండు మేకులకు రెండు 47లు వేలాడుతూ కనిపించాయి.

ఆ వర్క్‌షాపులో ఇంటర్ పాసైనవాడు ఆయనొక్కడే కావడంతో మెమోలు టైపు చేసే పని కూడా ఆయనదే. ఆయన ఇంగ్లీషు నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, పాత మెమోల ఫైల్లో. మెమోలో మంచి మాట ఎవడు రాస్తాడు? ‘అన్‌ఆథరైజ్డ్ ఆబ్సెన్స్’, ‘ఇర్రెగ్యులర్ అటెండెన్స్’, ‘ఇంప్రాపర్ బిహేవియర్’, ‘డిస్‌ఒబీడియన్స్’. రెస్పాన్సిబుల్ అనే మాట ఒకటుందని తెలియకముందే ఇర్రెస్పాన్సిబుల్ ఆయనకు కంఠతా వచ్చు. అసలు మాటల్ని వదిలేసి, వాటి ముందు తగిలించే కొమ్ములతో భాష నేర్చిన మనిషి.

నన్ను పనిలోంచి తీసేస్తూ ఇచ్చిన కాగితంలో ‘డిస్‌ఆనెస్ట్ వర్క్‌మన్’ అని టైపు కొట్టాడు. నాకు ఇంగ్లీషు రాదు. కంపెనీ ముద్ర, సంతకం ఉన్నాయి కదా, అనుభవ పత్రం కాబోలనుకున్నాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మూడు వర్క్‌షాపుల్లో దర్జాగా చూపించాను. మూడు చోట్లా చదివి, నన్ను ఎగాదిగా చూసి, కబురు చేస్తామన్నారు. నాలుగో చోట ఒక పెద్దాయన ఆ కాగితం మడిచి నా జేబులో పెట్టాడు.

‘‘దీన్ని ఇంకెవుడికీ సూపించకు బాబూ. నిన్ను దొంగ అని రాసేరు’’ అన్నాడు.

ఆ రోజు నేను బస్సెక్కలేదు. ఇంటిదాకా నడిచే వెళ్ళాను. అప్పటిదాకా అర్జునరావుని ‘బావా’ అని పిలిచేవాణ్ణి, ఆ రోజుతో మానేశాను. తర్వాత ఎవడి దగ్గరా పనికి నిలబడక్కర్లేకుండా నా షెడ్డు నేను పెట్టుకున్నాను.

ఆయన రిటైరయ్యాడు. కానీ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి ఇచ్చి, సాయంత్రం తిరిగి తీసుకోకపోతే ఆయనకు ముద్ద దిగదు. అందుకని ఇంగ్లీషు ఇవ్వడం మొదలుపెట్టాడు. చెక్కబోర్డుకి పది మేకులు కొట్టి, ప్రతి మేకు పక్కనా సుద్దముక్కతో ఒక మాట రాస్తాడు. అరచేయంత రేకు ముక్కల మీద అన్, ఇన్, ఇమ్, ఇల్, ఇర్, డిస్ అని పెయింటు చేయించి పెట్టుకున్నాడు. ఆరు ముక్కలు, ఒక్కోటీ ఒక్కటే. లేచి వెళ్ళి సరైన ముక్కను సరైన మాట ముందున్న మేకుకి తగిలించాలి. ఆ ముక్క ఒక మాట దగ్గర ఉన్నంతసేపూ ఇంకో మాటకి దొరకదు. ‘హ్యాపీ’ దగ్గరున్నవాళ్ళు పాఠం చెప్పి ‘అన్’ని తిరిగి అప్పగించేదాకా ‘లక్కీ’ దగ్గరున్నవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాలి. చవితి పందిట్లో పులిహోరకి కూడా అంత క్యూ ఉండదు.

ఇంత ఘనమైన విద్యాలయంలో మా ఆవిడ చిట్టెమ్మ చేరింది.

చిట్టెమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రి వార్డులో అప్పటికి పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఈ నెలాఖరుతో పాత కాంట్రాక్టు అయిపోతుందనీ, కొత్తవాళ్ళు కొత్త మనుషుల్ని తెచ్చుకుంటారనీ చెప్పేశారు. అయితే పాతవాళ్ళలో ఇద్దరికి మాత్రం బల్ల దగ్గర కూర్చుని పేషెంట్ల వివరాలు రాసుకునే ఉద్యోగమిస్తారట. దానికి పరీక్ష. ఇంగ్లీషులో ఏబైకి ముప్పై రావాలి, అందులో ఇరవై మార్కులు ఆపోజిట్సే. పాసైతే కుర్చీ, లేకపోతే ఇల్లు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన మనిషి, నలభై ఒకటో ఏట బడి సంచి సర్దుకుంది.

‘‘ఊర్లో ఇంకెవుడూ దొరకలేదేటి నీకు?’’ అన్నాను.

‘‘దొరికేరు మావా. ఆల్లు ఆరు నెల్లంటన్నారు. నా కాడున్నది ఒక నెల. ఈయన ముప్పై రోజులని బోర్డే కట్టేడు’’ అంది. ‘‘నీ రేకు గొడవ నీది, నా ఉద్యోగం నాది.’’

రోజూ అయిదింటికి బండి మీద దింపేవాణ్ణి. మెట్లెక్కేవాణ్ణి కాను. కిందే నిలబడితే పాఠం వినబడేది, వినాలని కాదు.

‘‘రెగ్యులర్‌కి ఆపోజిట్ ఏటి?’’ అని అడిగాడొక రోజు.

గది గదంతా ఒక్క గొంతుతో ‘‘కాంట్రాక్ట్!’’ అంది.

ఆయనకి బీపీ పెరిగింది. ‘‘ఇర్రెగ్యులర్!’’ అని అరిచాడు.

అదే ఆసుపత్రిలో దుప్పట్లు, గలేబులు కుట్టే ఉజ్మా కూడా చిట్టెమ్మతో పాటు వచ్చేది. ఆ పిల్ల లేచి, ‘‘ఆరేల్లలో ఒక్క నాగా లేదండి నాకు. నాను ఇర్రెగ్యులర్ ఎలాగవుతానండి?’’ అంది.

దానికి ఆయన దగ్గర ముక్క లేదు. కూర్చోమన్నాడు.

‘‘ఒక్క అన్‌కి అంతమంది కాసుకోడం ఏటే? ఇంకోటి కోయించుకోమను. పోనీ నానే కోసిత్తాను’’ అన్నాను ఇంట్లో. జాలిపడి కాదు, ఎగతాళికే. చిట్టెమ్మ వెళ్ళి నిజంగానే అడిగేసింది. ‘‘డూప్లికేటా? నా బోర్డు మీదా?’’ అన్నాడట, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. ఎవరు కోసిస్తానన్నారో మాత్రం అడగలేదట.

పరీక్ష ఒక గురువారం జరిగింది. శుక్రవారం మధ్యాహ్నం చిట్టెమ్మ ఇంటికి రాకుండా నేరుగా షెడ్డుకి వచ్చింది. స్టూలు మీద కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకోలేదు. సంచిలోంచి తన పేపరు జిరాక్సు తీసి నా ముందు పెట్టింది.

పేపరు మీద ఒక గడి గీసి, అందులో అన్, ఇన్, ఇమ్, ఇల్, ఇర్, డిస్ అని అచ్చువేశారు. వీటిని వాడి కింది మాటలకు ఆపోజిట్స్ రాయమన్నారు. కింద పది మాటలున్నాయి. మా ఆవిడ పైనుంచి చూసుకుంటూ వచ్చి ఆరింటికి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. లక్కీ, నోన్, సేఫ్, కంప్లీట్, ఈ నాలుగింటికీ ఖాళీ వదిలేసింది.

‘‘వచ్చినవి ఎందుకొదిలీసావే?’’ అన్నాను.

‘‘అన్ అప్పుడికే హ్యాపీకి ఇచ్చీసేను కదా మావా. పైన గడిలో ఒకటే ఉంది. లక్కీకి ఇంకో అన్ ఎక్కడ్నించి తెత్తాను? సేఫ్‌కి ఎక్కడ్నించి తెత్తాను? బెల్లు కొట్టీదాకా అలాగే సూసేను.’’

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలు గొడవ అది కూడా కాదు. పరీక్ష గదిలో ఇంకో మూల కూర్చున్న ఉజ్మా కూడా సరిగ్గా అవే ఆరు రాసి, సరిగ్గా అవే నాలుగు వదిలేసింది. పేపర్లు దిద్దిన మేడం రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకేచోట పనిచేసే ఇద్దరు, ఒకేలా నాలుగు ఖాళీలు. కాపీ కొట్టారని తేల్చేసింది. ఇద్దరి పేపర్ల మీదా ఎర్ర పెన్నుతో ఒక మాట రాసింది. చిట్టెమ్మ ఆ మాట మీద వేలు పెట్టి చూపించింది.

‘‘డిస్‌ఆనెస్ట్’’ అని చదివింది.

బయటి లోకంలో మా ఆవిడ తడుముకోకుండా చదివిన మొదటి ఇంగ్లీషు మాట అది. ముప్పై రోజుల్లో వస్తుందని బోర్డు మీద రాశాడు, వచ్చింది.

ఒకే ఇంట్లో ఇద్దరికి, ఒకే మాట, ఒకే మనిషి పుణ్యాన. నేను షట్టరు కూడా దించకుండా బండి తీశాను. పద్దెనిమిదేళ్ళలో ఎక్కని ఆ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఆయన ఒక్కడే కూర్చుని రేకు ముక్కల్ని పాత గుడ్డతో తుడుస్తున్నాడు.

‘‘నన్ను దొంగని సేసేవు, సాల్లేదేటి? ఇప్పుడు దాన్ని కూడా దొంగని సేసేవు’’ అని పేపరు ఆయన ఒళ్ళో పడేశాను. ఇంకా చాలా అన్నాను. కింద పంక్చరు వేసేవాడు పని ఆపి పైకి చూసేంత గట్టిగా అన్నాను.

ఆయన మొత్తం విన్నాడు. పేపరు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ‘‘ఆ ఉజ్మా పిల్లవీ ఇవే నాలుగా?’’ అని అడిగాడు.

‘‘ఇవే నాలుగు.’’

‘‘అయితే ఇద్దరూ నాను సెప్పినట్టు పొల్లు పోకుండా రాసేరు’’ అన్నాడు.

కొట్టేద్దును. కానీ ఆయన మొహం చూస్తే చెయ్యి లేవలేదు. పాలిపోయి ఉంది. లేచి, గోడ మీది చెక్కబోర్డు విప్పడం మొదలుపెట్టాడు. మేకు ఊడి రాకపోతే నేనే ఊడపీకి ఇచ్చాను. కోపంలోనే ఇచ్చాను.

మర్నాడు శనివారం పొద్దున్నే అర్జునరావు గారు ఆ బోర్డుని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాడు. తర్వాత జరిగింది చిట్టెమ్మ చెప్పింది. సెక్యూరిటీవాడు లోపలికి వదలకపోతే, మేడం బయటికి వచ్చేదాకా గంటన్నర మెట్ల మీద కూర్చున్నాడట. ఆవిడ రాగానే, పేపర్లోని పది మాటలూ రాసిన బోర్డు గోడకి చేరేసి, ఆరు ముక్కలూ ఆవిడ చేతిలో పెట్టి, ‘‘ఈ పది మాటలకీ మీరు తగిలించండమ్మా. ఒకసారి తగిలించింది తియ్యకూడదు’’ అన్నాడట. ఆవిడ హ్యాపీకి తగిలించింది, పాసిబుల్‌కి తగిలించింది, మూడోసారి లక్కీ దగ్గర ఆగిపోయింది. చేతిలో ముక్కలన్నీ తిరగేసి వెతుక్కుందట.

‘‘కాపీ కాదండి. ఆల్లకి వచ్చు. నాను సెప్పిన పద్ధతిలోనే రాసేరు. తప్పు నాదండి’’ అన్నాడట.

అర్జునరావు నోట ‘తప్పు నాది’ అన్న మాట ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఎవరూ వినలేదు. తీరా అన్న రోజున వినే భాగ్యం నాకు లేకపోయింది. మేడం నవ్వాపుకోలేక, ఆ ఎర్రమాట కొట్టేసి, సోమవారం మళ్ళీ రాయమంది. ఇద్దరికే.

అదే రోజు మధ్యాహ్నం, నేను ఒక గూడ్స్ ఆటోకి రేకు కొలతలు రాసుకుంటుండగా, షెడ్డు గుమ్మం ముందు నీడ పడింది. తలెత్తాను. చంకలో గుడ్డసంచితో ఆయన.

స్టూలు చూపించలేదు. ‘‘ఏటి గావాలండి మాస్టారూ?’’ అన్నాను.

‘‘రేకు ముక్కలు కోయించాల. సోమవారం లోగా ఈల్లకి మల్లీ నేర్పాల. అన్‌లు పన్నెండు, ఇన్‌లు పన్నెండు, మిగతావి ఆరేసి.’’

‘‘పన్నెండు అన్‌లంటే?’’

ఆయన సంచి ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

‘‘వాటినేటంటారో సెప్పండి. సెప్పకపోతే నా కత్తెర తెగదు’’ అన్నాను.

‘‘డూప్లికేట్లు’’ అన్నాడు. మూలనున్న స్క్రాపుకి చెబుతున్నట్టు అన్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా ఈ క్షణం కోసం తయారుచేసి పెట్టుకున్న డైలాగులు నా దగ్గర చాలా ఉన్నాయి. స్నానం చేస్తూ కొన్ని, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని కొన్ని. ఏది ముందు అనాలా అని ఏరుకుంటున్నాను. ఈలోగా ఆయన చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, విప్పి, నా బల్ల మీద పెట్టాడు. గుండ్రటి రేకు ముక్క. మీద 47 అని పంచ్. ఏడు కొంచెం పక్కకి ఒరిగి ఉంది, ఆ రోజు తొందరలో కొట్టాను కదా.

‘‘అంచులు ఇలాగుండాల. ఆ పాత గాజువాకోడు కోసినవి ఆడోల్ల సేతులు గీరేత్తన్నాయి’’ అన్నాడు.

‘‘ఇది ఇంకా ఉంచేవా?’’

‘‘కంపెనీ టోకెన్ల కన్నా ఇదే బాగుండీది. పారీబుద్ధి కాలేదు.’’

‘‘ఆ మాట అప్పుడే అనొచ్చు కదా.’’

‘‘అప్పుడు మెమో టైపు సేత్తన్నాను’’ అన్నాడు. రేకు ముక్కని వేలితో నా వైపు జరిపి, ‘‘నీకు రెండో స్పానరు ఇవ్వాల్సింది, గురువులూ. బోల్టుకి రెండు గావాలని నాకూ తెలుసు’’ అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కంట్లో రేకు పొడి పడిందని చెప్పడానికి కూడా లేదు, ఆ పూట ఇంకా కత్తెర ముట్టుకోలేదు. కొలతల పుస్తకం తీసి, తల దించుకుని రాసుకోవడం మొదలుపెట్టాను. అన్ పన్నెండు. ఇన్ పన్నెండు. ఇమ్ ఆరు, ఇల్ ఆరు, ఇర్ ఆరు.

‘‘డిస్ కూడా ఆరేనా?’’ అన్నాను.

ఆయన సంచిలో చెయ్యి పెట్టి, తన దగ్గరున్న పాత డిస్ ముక్క తీసి, 47 పక్కన పెట్టాడు.

‘‘కొత్తవి ఆరు సెయ్యి. ఇది మాత్రం నా కాడొద్దు. నీ పేరు ముందు తగిలించేను. సాయంత్రానికల్లా తిరిగి తియ్యాల్సింది. ఇప్పటికి కుదిరింది.’’

స్టూలు ఆయన వైపు తోశాను. ‘‘కూకో బావా’’ అన్నాను.

ముక్కలన్నీ సాయంత్రం ఆరింటికి తయారయ్యాయి. ఆదివారం పొద్దుటి నుంచి చిట్టెమ్మ, ఉజ్మా ఆ గదిలోనే ఉన్నారు. సోమవారం మళ్ళీ రాశారు. చిట్టెమ్మకి ముప్పై ఎనిమిది, ఉజ్మాకి నలభై ఒకటి. ఇప్పుడు మా ఆవిడ కుర్చీలో కూర్చుని రాసుకుంటుంది, ఇంటికొచ్చి నా షెడ్డు పద్ధతి బాగాలేదని చెబుతుంది.

అర్జునరావు బావ మారిపోయాడని మాత్రం అనుకోకండి. అన్‌లు పన్నెండు ఉన్నాయి గనక క్యూ లేదు, అంతే. క్లాసయ్యాక పన్నెండూ మేకులకు చేరాయని చూసుకునే దాకా తలుపు గడియ తియ్యడు. మొన్నొకటి ఎవరి సంచిలోకో జారిపోతే ఎనిమిది మందిని ముప్పావుగంట కూర్చోబెట్టాడు. ఆయన పసుపు బోర్డు నేను దింపి, అంచులు నున్నగా అరగదీసి మళ్ళీ కట్టాను.

పాత డిస్ ముక్క నా షెడ్డులోనే ఉంది. ఆటోనగర్ గాలిలో ఇనుప రజను ఎక్కువ కదా, టీ గ్లాసు మీద మూతగా పెట్టుకుంటాను, సరిగ్గా సరిపోయింది. బావ వచ్చిన రోజు మాత్రం ఆయన గ్లాసు మీద పెడతాను. పద్దెనిమిదేళ్ళు నా మీదుంది, టీ చల్లారేదాకా ఆయన మీదుంటే తప్పేమీ లేదు.